యంత్రం తీసే తరుగు

లాస్ వేగస్‌లో ఒక క్యాసినో. పక్కపక్కన రెండు స్లాట్ మెషీన్లు. ఒకే కంపెనీవి, ఒకే ఆట, అవే బొమ్మలు. మూడు ఏడులు పడితే ఎంత, మూడు చెర్రీలు పడితే ఎంత అని పైన వేసిన పట్టికలో ఒక్క అంకె కూడా తేడా లేదు. అయినా మొదటిది వంద డాలర్ల పందేలకు సగటున 95 డాలర్లు వెనక్కిస్తుంది, రెండోది 88 ఇస్తుంది. ఇలా ఉండటం అక్కడ మామూలే. ఇందులో దొంగతనమేమీ లేదు, రెండింటికీ ప్రభుత్వం ఆమోదముద్ర వేసే ఉంటుంది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మనిషికి మాత్రం ఏది ఏదో తెలిసే దారి లేదు.

ఏ మెషీను ఆడితే మంచిదని వేగస్ వెళ్లిన ప్రతివాళ్లూ అడుగుతారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి, గ్రాండ్ కేన్యన్ చూడబోతూ దారిలో ఒక రాత్రి అక్కడ ఆగిన మన అమ్మానాన్నలు కూడా ఇరవై డాలర్ల నోటు చేత్తో పట్టుకుని అదే అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. యంత్రానికీ యంత్రానికీ మధ్య తేడా నిజంగా ఉంది, చిన్నది కూడా కాదు. అది ఎక్కడ పుడుతుందో, కంటికి ఎందుకు ఆనదో తెలియాలంటే మూత తీసి లోపలికి చూడాలి.

ముందు లెక్క సంగతి. నగల షాపులో తరుగు ఎంత శాతమో అడగకుండా మనం చెవి దుద్దులు కూడా కొనం. స్లాట్ మెషీను కూడా తరుగు తీస్తుంది. నూటికి 92 వెనక్కిచ్చే యంత్రం తరుగు 8 శాతం. దీని అర్థం వంద డాలర్లతో కూర్చున్నవాడు 92తో లేస్తాడని కాదు, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఆ 8 శాతం జేబులోని డబ్బు మీద కాదు, కాసిన ప్రతి పందెం మీదా. వంద మొత్తం పందెం కాస్తే సగటున 92 మిగులుతాయి. ఆ 92నీ మళ్లీ కాస్తే దాదాపు 85. గొలుసు కరిగించి గాజులు, గాజులు కరిగించి మళ్లీ గొలుసు చేయిస్తూ పోతే ఎంత బంగారం మిగులుతుంది? పది విడతలు తిరిగేసరికి వంద కాస్తా 43 అవుతుంది. గంటకు ఆరువందల సార్లు బటన్ నొక్కగలిగే ఆటలో పది విడతలు తిరగడానికి ఎంతోసేపు పట్టదు.

ఈ తరుగుకి పై హద్దు మాత్రమే చట్టంలో ఉంటుంది. నెవాడాలో యంత్రం కనీసం 75 శాతం, న్యూజెర్సీలో కనీసం 83 శాతం వెనక్కివ్వాలి. ఆ హద్దు దాటకుండా ఎంత పెట్టుకోవాలన్నది క్యాసినో ఇష్టం, ఆ అంకె యంత్రం మీద రాయనక్కర్లేదు. బ్రిటన్‌లో రాయాలి. అక్కడి పబ్బులో మూలనున్న మెషీను మీద కూడా దాని సగటు చెల్లింపు శాతం కనిపిస్తుంది.

ఇక మూత తీద్దాం. శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ 1890లలో ‘లిబర్టీ బెల్’ అనే యంత్రం చేశాడు. మూడు రీళ్లు, వాటి మీద గుర్రపు నాడా, డైమండ్, స్పేడు, ఆఠీను, గంట బొమ్మలు. ఒక్కో రీలు పది చోట్ల ఆగగలదు. పదిని పదితో, మళ్లీ పదితో హెచ్చిస్తే వెయ్యి రకాల ఫలితాలు. ఓపికున్నవాడు రీళ్లు తిరుగుతున్నప్పుడు బొమ్మలు లెక్కపెట్టి, దుకాణం తరుగు ఎంతో కాగితం మీద తేల్చుకోగలడు. యంత్రం తన గుట్టు తన ముఖం మీదే మోసుకుని తిరిగిన కాలం అది.

దానితో తయారీదారులకు ఒక చిక్కు వచ్చింది. తర్వాతి యంత్రాల్లో రీలుకు 22 గళ్లు దాకా పెట్టినా మొత్తం ఫలితాలు 10,648 దాటలేదు. జాక్‌పాట్ బొమ్మ రీలుకి ఒక్కటే ఉన్నా, సగటున పదివేల చిల్లర ఆటలకు ఒకసారి అది పడుతుంది. కాబట్టి పదివేల నాణేలకు మించిన బహుమతి పెడితే దుకాణం మునిగిపోతుంది. రీళ్లు పెద్దవి చేస్తే ఆడేవాడికి అనుమానం. నాలుగో రీలు, ఐదో రీలు చేరిస్తే ఇది తగిలే బేరం కాదని దూరం నుంచే తెలిసిపోతుంది.

ఈ చిక్కుముడిని ఇంగె టెల్నేస్ అనే ఆవిష్కర్త విప్పాడు. 1984లో ఆయనకు అమెరికాలో పేటెంటు వచ్చింది. ఆలోచన వినడానికి చాలా చిన్నది. కంటికి కనిపించే రీలు 22 గళ్లదే ఉంటుంది. లోపల చిప్‌లో మాత్రం ఇంకో రీలు ఉంటుంది, 64 గళ్లదో, 128దో, 256దో. బటన్ నొక్కగానే చిప్ ఒక యాదృచ్ఛిక సంఖ్యను తీసుకుని లోపలి రీలులో ఒక గడిని ఎంచుతుంది. లోపలి ఏ గడి పడితే బయటి ఏ గడి దగ్గర ఆగాలో ముందే జాబితా రాసిపెట్టి ఉంటుంది. ఆ ప్రకారం మోటారు బయటి రీలును తెచ్చి ఆపుతుంది. అంటే రీళ్లు గిర్రున తిరగడం మొదలయ్యేసరికే ఫలితం తేలిపోయింది, మనం చూసేది దాని ఊరేగింపు. 64 గళ్ల మూడు రీళ్లకు 2,62,144 ఫలితాలు. 256 గళ్లయితే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు. కోట్ల డాలర్ల జాక్‌పాట్లకు తలుపు తెరుచుకుంది అక్కడే.

తేడా పుట్టేది కూడా ఆ జాబితాలోనే. ఒక చిన్న లెక్క వేద్దాం. లోపలి రీలు 64 గళ్లది, మూడు చెర్రీలు పడితే నాణేనికి వంద నాణేలు. మొదటి యంత్రంలో ఒక్కో రీలుకి 8 లోపలి గళ్లు చెర్రీకి కేటాయించారు. మూడూ చెర్రీలు పడే సంభావ్యత 512లో ఒకటి. ఈ ఒక్క బహుమతి వల్లే కాసిన ప్రతి వందలో 19.5 వెనక్కి వస్తుంది. రెండో యంత్రంలో 8 బదులు 7 గళ్లు ఇచ్చారు, ఆ మిగిలిన గడిని బొమ్మ లేని ఖాళీకి ఇచ్చారు. ఇప్పుడు మూడు చెర్రీలు 764 ఆటల్లో ఒకసారి. వెనక్కి వచ్చేది వందకు 13.1. రీలుకి ఒక్క గడి, అదీ కంటికి కనపడని గడి, చేయి మారితే తరుగు ఆరు శాతం పైన పెరిగిపోయింది. గాజు వెనక తిరిగే రీలు మారలేదు, బహుమతుల పట్టిక మారలేదు.

ఇదే జాబితాతో ఇంకో పని కూడా చేయొచ్చు. జాక్‌పాట్ బొమ్మకు ఒక్క లోపలి గడి ఇచ్చి, రీలు మీద దానికి సరిగ్గా పైనా కిందా ఉన్న ఖాళీలకు ఆరేసి గళ్లు ఇచ్చారనుకోండి. గెలుపు లెక్కించే గీత మీద ఆ బొమ్మ పడటం కన్నా, గీతకు వెంట్రుకవాసి పైనో కిందో అది కనిపించడం పన్నెండు రెట్లు ఎక్కువ జరుగుతుంది. ఆడేవాడు ‘అబ్బ, కొద్దిలో తప్పింది’ అనుకుంటాడు. కొద్దిలో తప్పడమనేది అసలు రీలుకి వర్తించే మాట, జాబితాకి అలాంటిదేమీ ఉండదు. ఒక జపాన్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, ఓడిన ఆటల్లో కొన్నిటిని ఏరి, దగ్గర దాకా వచ్చి తప్పినట్టు కనిపించేలా రీళ్లను ఆపే ప్రోగ్రాము పెట్టింది. 1989లో నెవాడా గేమింగ్ కమిషన్ దాన్ని కుదరదంది. గళ్ల జాబితా పద్ధతిని మాత్రం ముట్టుకోలేదు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పమంటే నేనైతే నీళ్లు నములుతాను. ఆడేవాడి కంటికి రెండూ ఒకటే.

ప్రతి ఆటకూ ఇలాంటి జాబితా, సంభావ్యతల లెక్క అన్నీ ఉన్న పత్రం ఒకటి ఉంటుంది. దాన్ని పార్ షీట్ అంటారు. కంపెనీకీ, క్యాసినోకీ, ప్రభుత్వ తనిఖీదారులకీ తప్ప బయటికి రాదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో కెవిన్ హారిగన్, మైక్ డిక్సన్ అనే పరిశోధకులు మన సమాచార హక్కు చట్టం లాంటి అక్కడి చట్టం కింద దరఖాస్తు పెట్టి ఒంటారియో యంత్రాల పార్ షీట్లు కొన్ని సంపాదించారు. బయటికి అచ్చు ఒకేలా కనిపించే ఆటకు వేర్వేరు రాబడుల రూపాలను ప్రభుత్వమే ఆమోదిస్తోందని వాటి ద్వారా తేలింది. వాళ్లు కంప్యూటర్ మీద ఆడించి పోల్చి చూసిన రెండు రూపాల్లో ఒకటి 85 శాతం ఇచ్చేది, ఇంకొకటి 98 శాతం.

85కీ 98కీ మధ్య తేడా వినడానికి పదమూడే. తరుగు వైపు నుంచి చూడండి, 15 ఒకచోట, 2 ఒకచోట. ఏడున్నర రెట్లు. వంద డాలర్లు తీసుకుని, ఒక్కో డాలరు చొప్పున, చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయేదాకా ఆడితే మొదటిదాని మీద సగటున 667 ఆటలు, రెండోదాని మీద 5,000 ఆటలు వస్తాయి. ఇంత తేడా ఉంటే ఆడేవాడికి తెలిసిపోదా అనిపిస్తుంది. సగటు అనే మాట ఇక్కడ మన కళ్లు కప్పుతోంది. ఆ 5,000ను పైకి లాగేది పెద్ద బహుమతి తగిలి గంటలకొద్దీ కూర్చోగలిగిన కొద్దిమంది. మిగతావాళ్లు రెండు యంత్రాల మీదా ఇంచుమించు ఒకేలాంటి సాయంత్రం గడిపి, ఒకేలా లేచిపోతారు.

కాసేపు ఆడి చూసి కనిపెట్టొచ్చుగా? నమూనా ఎంత పెద్దదైతే అంచనా అంత గట్టిది, నిజమే. ఎంత పెద్దది కావాలన్నదే ప్రశ్న. స్లాట్ మెషీనులో ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య ఊగిసలాట విపరీతం. ఎక్కువసార్లు సున్నా, అప్పుడప్పుడు రెండో మూడో, ఎప్పుడో ఒకసారి వందలు. ఈ ఊగిసలాటను కొలిచే ప్రామాణిక విచలనం పందేనికి ఎనిమిది రెట్లు అనుకుందాం, మధ్యరకం యంత్రానికి తగిన అంకె అది. గంటసేపు, అంటే ఆరువందల ఆటలు ఆడి లెక్క కట్టిన రాబడి, అసలు రాబడికి 33 శాతం అటూ ఇటూగా ఉండటం మామూలు. 88 శాతం యంత్రం ఆ గంటలో 115 చూపించొచ్చు, 94 శాతం యంత్రం 65 చూపించొచ్చు. ఇది 88 ఇచ్చేదా, 94 ఇచ్చేదా అన్నది కాస్త ధీమాగా చెప్పాలంటే డెబ్బై వేల పైచిలుకు ఆటలు కావాలి. ఊపిరి తిప్పుకోకుండా నొక్కినా 118 గంటలు. ఆ పాటికి, ఆటకు డాలరు చొప్పున, సమాధానం కనుక్కోవడానికైన ఖర్చు నాలుగు వేల నుంచి ఎనిమిదిన్నర వేల డాలర్లు. నాలుగు వేలే పోతే మంచి యంత్రం దొరికిందని సంతోషించాలి.

‘ఇందాకటి నుంచి ఇది ఇవ్వలేదు, ఇక ఇస్తుంది’ అనేవాళ్లూ, ‘ఇది వేడి మీదుంది, లేవకు’ అనేవాళ్లూ ఈ ఊగిసలాటనే చదువుతున్నారు. ఒకే సమాచారం నుంచి రెండు ఎదురెదురు తీర్మానాలు పుడుతున్నాయంటే ఆ సమాచారంలో సరుకు లేదని అర్థం. చిప్ ప్రతి ఆటకూ కొత్తగా సంఖ్య తీసుకుంటుంది. వెనకటి ఆటలో ఏమిచ్చిందో దానికి గుర్తుండదు.

ఆడేవాళ్లు నెలల మీదైనా తేడా పసిగడతారా అని నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథొనీ లూకస్, ఆయనతో కలిసి కేథరిన్ స్పిల్డే క్యాసినోల లోపలే పరీక్షించారు. ఒకే ఆట తీసుకుని, ఒకదానికి తరుగు తక్కువ, ఇంకోదానికి ఎక్కువ పెట్టించి, నెలల తరబడి రోజువారీ లెక్కలు చూశారు. మెక్సికోలో, ఆస్ట్రేలియాలో, తరచూ వచ్చే స్థానికులతో నడిచే క్యాసినోల్లోనే ఇది చేశారు. జనం ఎక్కువ తరుగు యంత్రాన్ని వదిలి తక్కువ తరుగు యంత్రం వైపు జరిగిన జాడ లేదు. ఎక్కువ తరుగుది ఎక్కువ సంపాదించింది, రోజులు గడిచేకొద్దీ ఆ సంపాదన కరిగిపోనూ లేదు. రోజూ వచ్చేవాళ్లకు తెలిసిపోతుంది, కాబట్టి తరుగు పెంచకూడదని పరిశ్రమలో పాతకాపులు నమ్మేవాళ్లు. ఈ ఫలితాలు వాళ్లకు ఒక రకంగా శుభవార్త.

యంత్రాన్ని నిజంగా చదివినవాళ్లు లేకపోలేదు. 2014 జూన్‌లో సెయింట్ లూయిస్ నగరంలోని లూమియేర్ ప్లేస్ క్యాసినోలో కొన్ని పాత మోడల్ యంత్రాలు ఉన్నట్టుండి లెక్కకు మించి చెల్లించాయి. కెమెరాలు తిప్పి చూస్తే ఒక మనిషి ఫోను తెరకు దగ్గరగా పట్టుకుని కొన్ని ఆటలు ఆడి వెళ్లిపోవడం, తర్వాత తిరిగొచ్చి బటన్ మీద వేలు గాల్లో ఆపి, ఉన్నపాటున నొక్కడం కనిపించింది. ఆ ఆటల వీడియో రష్యాకు వెళ్లేది. చిప్ తీసే సంఖ్యలు నిజానికి ఒక సూత్రం ప్రకారం వచ్చేవే, పాత చిప్‌లో ఆ సూత్రం బలహీనం. అక్కడివాళ్లు లెక్క కట్టి, మంచి ఫలితం వచ్చే క్షణానికి రెప్పపాటు ముందు ఫోను అదిరేలా సంకేతం పంపేవాళ్లు. వాళ్లు వెతికింది మంచి యంత్రం కోసం కాదు, మంచి క్షణం కోసం. ఆడటానికి వచ్చినవాళ్లలో కొందరు చివరికి జైలుకి వెళ్లారనుకోండి.

విడి యంత్రం గుట్టు తెలియకపోయినా గుంపు లెక్కలు నెవాడాలో బహిరంగమే. గేమింగ్ కంట్రోల్ బోర్డు నెలనెలా ప్రచురిస్తుంది. రాష్ట్రం మొత్తం మీద ఈమధ్య పెన్నీ యంత్రాల తరుగు నూటికి దాదాపు పది, డాలరు యంత్రాలది దాదాపు ఏడు. పర్యాటకులు కిక్కిరిసే వేగస్ స్ట్రిప్ కన్నా, ఊళ్లోవాళ్లు వెళ్లే బౌల్డర్ హైవే వైపు క్యాసినోల్లో తరుగు తక్కువ. పందెం పెద్దదైతే శాతం తగ్గుతుందన్న సలహా ఈ అంకెల నుంచి వచ్చిందే. శాతం చూసి మురిసిపోయే ముందు గంట లెక్క కూడా కట్టాలి. పెన్నీ యంత్రమంటే ఆటకు ఒక సెంటని పేరేగానీ, బొమ్మలు జతకూడే నలభై యాభై లైన్ల మీద కాయమంటుంది కాబట్టి ఆటకు యాభై సెంట్లనుకోండి. గంటకు ఆరువందల ఆటలు, 300 డాలర్ల పందెం, పది శాతం తరుగు, పోయేది 30 డాలర్లు. డాలరు యంత్రం మీద ఒక్కో నాణెం చొప్పున ఆడితే గంటకు 42. మూడేసి నాణేలు కాస్తే 126. తరుగు తక్కువున్న యంత్రం దగ్గరే జేబు తొందరగా ఖాళీ అయింది. గంటకు అయ్యే ఖర్చు తగ్గించుకోవాలంటే తరుగు కోసం వెతుకులాట కన్నా, నింపాదిగా నొక్కడం బాగా పనిచేస్తుంది. ఆరువందల ఆటలు మూడువందలైతే ఖర్చు సగం. ఇందుకు ఏ రహస్య పత్రమూ చూడనక్కర్లేదు.

పెన్నీ యంత్రానికి ఇంకో గుణముంది. యాభై లైన్లలో ఏవో రెండు తగిలి, యాభై సెంట్ల పందేనికి పదిహేను సెంట్లు వస్తాయి. ముప్పై అయిదు పోయాయి. యంత్రం మాత్రం దీపాలు వెలిగించి, పాట పెట్టి గెలిచావంటుంది. వాటర్లూ పరిశోధకులే 2010లో ఆడేవాళ్ల చర్మం మీద చెమటలో వచ్చే మార్పులు కొలిచి చూస్తే, ఇలాంటి ఓటముల దగ్గర శరీరం గెలుపు దగ్గర స్పందించినట్టే స్పందించింది. ‘ఈ మెషీను బాగా ఇస్తోంది’ అన్న నమ్మకంలో ఈ పాటల వాటా ఎంతో ఆలోచించాలి.

జాక్‌పాట్ల కొసన మెగాబక్స్ ఉంది. 1986లో నెవాడాలో మొదలైంది. ఎన్నో క్యాసినోల్లోని యంత్రాలను కలిపి, ఒక్కో పందెం నుంచి కొంత తీసి ఒకే హుండీలో వేస్తారు. 2003 మార్చి 21న ఎక్స్‌కాలిబర్ క్యాసినోలో పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు 3 కోట్ల 97 లక్షల డాలర్లు తగిలాయి. అలా తగిలే అవకాశం ఐదు కోట్లలో ఒకటని అంచనా. మిగతావాళ్లు చిన్న బహుమతులతో చూసే రాబడి ఆ మేరకు పలచబడుతుంది. సగటులో జాక్‌పాట్ కూడా కలిసి ఉంటుంది, ఆడేవాళ్లలో దాదాపు అందరి జీవితంలోనూ అది ఉండదు.

అమెరికా క్యాసినోలో తన ధర ముఖం మీదే రాసుకున్న యంత్రం ఒకటుంది. వీడియో పోకర్. నెవాడా నిబంధన ప్రకారం తెర మీద పేకముక్కలు చూపిస్తే, అవి బాగా కలిపిన నిజమైన 52 ముక్కల కట్ట నుంచి తీసినట్టే పడాలి. లోపలి జాబితాకు చోటు లేదు. 52 ముక్కల లెక్క అందరికీ తెలిసిందే కాబట్టి, బహుమతుల పట్టిక చూస్తే చాలు, తరుగు పైసాతో సహా తేలుతుంది. ‘జాక్స్ ఆర్ బెటర్’ అనే ఆటలో రెండే గళ్లు చూడాలి, ఫుల్ హౌస్ అనే ముక్కల కూర్పుకి ఎంత, ఫ్లష్ అనే కూర్పుకి ఎంత. తొమ్మిది, ఆరు ఉంటే రాబడి 99.54 శాతం. ఎనిమిది, అయిదు ఉంటే 97.30. ఆరు, అయిదు ఉంటే 95. ఆటకు 1.25 డాలర్ల చొప్పున గంటకు 500 ఆటలు ఆడితే, పోయేవి మొదటిదాని మీద మూడు డాలర్ల లోపు, రెండోదాని మీద 17, మూడోదాని మీద 31. ఒకే గదిలో మూడూ ఉండొచ్చు. ఏ ముక్క ఉంచాలో ఏది పారేయాలో తప్పు లేకుండా ఆడాలి, గరిష్ఠ పందెం కాయాలి, నలభై వేల ఆటల్లో ఒకసారి వచ్చే రాయల్ ఫ్లష్ దాకా ఓపిక పట్టాలి. ఇవన్నీ కలిస్తేనే ఆ అంకెలు. అయినా ‘ఏది ఆడాలి’ అన్న ప్రశ్నకు అమెరికా క్యాసినోలో నిజమైన జవాబు ఉన్నది ఇక్కడొక్కచోటే. పట్టిక చదివేవాళ్లు తక్కువే. పేకాటలో పుట్టి పెరిగిన మనవాళ్లు కూడా తళతళలాడే రీళ్ల వైపే నడుస్తారెందుకో.

యంత్రం ఎంపికనే పూర్తిస్థాయి విద్యగా మార్చుకున్న దేశం జపాన్. పాచిస్లాట్ అనే అక్కడి స్లాట్ యంత్రానికి 1 నుంచి 6 దాకా సెట్టింగులుంటాయి. వీటిని ఆడించే షాపు తెరవక ముందు సిబ్బంది తాళంచెవి తిప్పి ఏ యంత్రానికి ఏ సెట్టింగో నిర్ణయిస్తారు. ఆ రోజంతా అదే. ఏ యంత్రానికి ఏది పెట్టారో చెప్పరు, కానీ ఏ సెట్టింగులో ఏ బహుమతి ఎంత తరచుగా పడుతుందో బహిరంగంగా అచ్చవుతుంది. బాగా పేరున్న జగ్లర్ వరసలో ‘ఐమ్ జగ్లర్’ తీసుకోండి. మూల ఉన్న చిన్న ‘గోగో’ దీపం వెలిగితే బోనస్ వచ్చినట్టు. పెద్ద బోనస్ సెట్టింగు 1లో 273 ఆటలకొకటి, 6లో 255కొకటి, దాదాపు సమానం. చిన్న బోనస్ మాత్రం 1లో 440కొకటి, 6లో 255కొకటి. సెట్టింగు 1 రాబడి 97 శాతం. సెట్టింగు 6 రాబడి 105.5. నూరు దాటింది చూశారుగా, ఆ రోజు ఆ యంత్రం ఆడేవాడికే ఎదురిస్తుంది.

చట్టం ప్రకారం ఆటకు 4.1 సెకన్లు పట్టాలి. పది గంటలు కూర్చుంటే ఎనిమిది వేల ఆటలు, ఆటకు మెడళ్లు అనే టోకెన్లు మూడు, ఒక్కో మెడల్ 20 యెన్లు. మెడళ్లను అదే ధరకు మార్చుకోగలిగితే, సెట్టింగు 1 మీద రోజంతా ఆడినవాడికి సగటున 14,400 యెన్ల నష్టం, 6 మీద ఆడినవాడికి 26,400 యెన్ల లాభం. ఇలాంటి జూదం నిషేధమైన దేశంలో డబ్బెలా చేతికొస్తుందంటే, షాపు బహుమతి వస్తువు ఇస్తుంది, పక్క సందులోని వేరే కౌంటరు దాన్ని డబ్బిచ్చి కొంటుంది. అది వేరే కథ.

పొద్దున్నే షాపుల ముందు క్యూలు కడతారు. ప్రతి యంత్రం నెత్తిన ఒక కౌంటరు ఉంటుంది. ఎన్ని ఆటలు, ఎన్ని పెద్ద బోనస్‌లు, ఎన్ని చిన్నవి, అన్నీ దారిన పోయేవాడు కూడా చదువుకోవచ్చు. ఇరవై యంత్రాల వరసలో ఒక్కటే 6, తక్కినవన్నీ 1 అనుకుందాం. రెండువేల ఆటల దగ్గర ఒక యంత్రం కౌంటరు ఏడు చిన్న బోనస్‌లు చూపిస్తోంది. సెట్టింగు 1 అయితే సగటున నాలుగున్నర రావాలి, 6 అయితే ఎనిమిది లోపు. ఏడు అంటే 6కి దగ్గర, కూర్చోవచ్చనిపిస్తుంది. లెక్క కడితే ఏడు బోనస్‌లు పడే అవకాశం సెట్టింగు 1 కన్నా 6లో ఎక్కువే, కానీ 1.7 రెట్లే. మొదట్లో 19కి ఒకటిగా ఉన్న పందెం ఇప్పుడు 19కి 1.7 అయింది. అంటే అది 6 అయ్యే అవకాశం పన్నెండింట ఒకటి. ఇప్పటికీ 1 అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. పద్దెనిమిదో శతాబ్దపు థామస్ బేయస్ పేరుతో మనం కాలేజీలో చదివి మర్చిపోయిన సూత్రం ఇదే. అదే కౌంటరు మీద పన్నెండు చిన్న బోనస్‌లు కనిపిస్తే సాక్ష్యం బలం పాతిక రెట్లు దాటుతుంది, అది 6 అయ్యే అవకాశం సగం పైకి ఎగబాకుతుంది. అయితే పన్నెండు పడ్డ యంత్రం ముందు అప్పటికే ఎవరో కూర్చుని ఉంటారు. వాళ్లూ కౌంటరు చదవగలరు, రాత్రి షాపు మూసేదాకా కుర్చీ వదలరు.

షాపు వైపు నుంచి చూస్తే ఇరవై యంత్రాలూ రోజంతా నిండుగా ఆడితే పందొమ్మిది యంత్రాలు తెచ్చేది 2,73,600 యెన్లు, ఆరో సెట్టింగు యంత్రం పోగొట్టేది 26,400. తెల్లవారుజామున తలుపు దగ్గర క్యూ కట్టించే ప్రకటనకు షాపు పెట్టే ఖర్చు అది. ఒక్క 6 కూడా పెట్టకుండా, పెట్టామన్న అనుమానం మాత్రం బతికేలా చూసుకుంటే ఆ ఖర్చూ మిగులుతుంది.